స్నాతకోత్సవ గౌను: కొలత, కుట్టు, తొడిగే తీరు

స్నాతకోత్సవ కమిటీల్లో ఉన్న అధ్యాపకులకూ, గౌన్లు కుట్టే టైలర్లకూ నమస్కారం.

గౌన్లకు ఆర్డరు పెట్టేటప్పుడు చర్చంతా రంగు చుట్టూనే తిరుగుతుంది. గౌను మీద మెడ చుట్టూ వేసుకుని వీపు మీదికి వదిలే హుడ్ లోపలి శాటిన్ మెరూనా, నీలమా అన్నది తేలేసరికే గడువు దగ్గరపడుతుంది. వేదిక మీద ఇబ్బంది వచ్చేది మాత్రం భుజం, మెడ, తల దగ్గర. ఈ పూట ఆ మూడింటి గురించే చెబుతాను.

స్నాతకుడంటే గురువు దగ్గర చదువు ముగించి, ఆ ముగింపుకు గుర్తుగా స్నానం చేసినవాడు. వేడుక పేరు అలా మనది. ఉడుపు మాత్రం మధ్యయుగపు ఐరోపాలో చలిగదుల్లో చదువుకున్న మతగురువుల అంగీ నుంచి వచ్చింది. హుడ్ ఒకప్పుడు నిజంగానే తలకు కప్పుకునే ముసుగు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాక ఈ ఉడుపు మన దేశంలో నాటుకుంది. చలికి పుట్టిన అంగీని మనం ఉక్కపోతలో తొడుగుతున్నాం, అందుకే బట్ట దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలి. వట్టి పాలిస్టర్ నలగదు, కానీ చెమట పీల్చదు. మళ్లీ మళ్లీ వాడే గౌన్లకు చెమట పీల్చే విస్కోస్ దారం కలిసిన పలచటి బట్ట మేలు.

ఇక కొలత. పొట్టి, పొడుగు అని కంటి అంచనాతో రాసుకోకండి. మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి పిక్క మధ్య దాకా టేపు పెట్టండి. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి ఇది సుమారు 46 అంగుళాలు వస్తుంది. అంతకన్నా కిందికి దిగితే వేదిక మెట్లెక్కేటప్పుడు అంచు కాలి కింద పడుతుంది. 44 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న బట్టయితే ఆ కొలతకు నాలుగు మీటర్ల పైచిలుకు పడుతుంది: వెనక భాగానికి ఒక పూర్తి పన్నా, ముందు రెండు భాగాలకు కలిపి ఒకటి, చేతులకు చెరొకటి, మిగిలింది భుజం పట్టీకి.

బట్ట ఆదా చేద్దామని కత్తిరించేది ఎప్పుడూ వెనక కుచ్చుల దగ్గరే. కుచ్చులు తగ్గాయా, గౌను ల్యాబ్ కోటులా అయిపోతుంది, చేయెత్తితే చంకలో పట్టేస్తుంది. కుచ్చులు నిండుగా పెట్టి భుజం పట్టీని మెత్తగా వదిలేస్తే ఇంకో చిక్కు: వెనక బరువుకు గౌను మొత్తం జారి మెడ వెనక తెరుచుకుంటుంది. పట్టీకి లోపల కాన్వాస్ వేసి, భుజం కుట్టును అరంగుళం ముందుకు జరిపితే నిలబడుతుంది. ఈ అరంగుళం గురించి టైలరుతో తప్పకుండా మాట్లాడండి.

హుడ్ మెడకు బిగుసుకోవడం అందరూ చూసిందే. దాని బరువంతా వీపు మీదుంటుంది, ముందు పట్టుకునేది ఏమీ ఉండదు. అందుకే ముందు కొసన చిన్న లూపు కుట్టి చొక్కా గుండీకి తగిలిస్తారు. చీర కట్టుకున్న అమ్మాయికి ఆ గుండీ ఉండదు కదా! గౌను రెండు భుజాల మీదా లోపలివైపు చిన్న హుక్కులు, హుడ్‌కి వాటికి సరిపడా లూపులు కుట్టిస్తే ఎవరికైనా నిలుస్తుంది. పైట కుచ్చిళ్లు సన్నగా మడిచి ముందే పిన్ను పెట్టుకోమని చెప్పండి, లేకపోతే ఎడమ భుజం ఉబ్బి హుడ్ పక్కకు ఒరుగుతుంది. చీర మీద తొడిగేవాళ్లకు చంక ఒకటిన్నర అంగుళం వదులుగా ఉండాలి.

టోపీ మీది పలక తాపీ మేస్త్రీ సున్నం పట్టుకునే చదరపు పలకలా ఉంటుంది, ఇంగ్లీషులో మోర్టార్‌బోర్డ్ అన్న పేరు అందుకే. లోపల మామూలు అట్ట పెడితే చెమట తేమకు మూలలు వంగిపోతాయి, పలచటి ప్లాస్టిక్ పలక మంచిది. ఎలాస్టిక్ వెనక్కి రావాలి, తలకు పట్టే అంచులో మొన ఉన్నవైపు నుదుటి మీదికి. చాలామంది తిప్పి పెట్టుకునేది ఇక్కడే. కొప్పు ఎత్తుగా ఉంటే టోపీ నిలవదు, మెడ దగ్గర ముడి వేసుకుంటే సర్దుకుంటుంది. టోపీకి వేలాడే దారాల కుచ్చును కుడి నుంచి ఎడమకు మార్చడం అమెరికా ఆనవాయితీ. మీ నిబంధనల్లో లేకపోతే ఎటువైపు ఉన్నా తప్పులేదు, అందరికీ ఒకేవైపు ఉంటే చాలు.

విశ్వవిద్యాలయాలు స్నాతకోత్సవాల్లో చేనేత ఉడుపు వాడాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2015లోనూ, 2019లోనూ లేఖలు రాసింది. మన దగ్గర మంగళగిరి, పోచంపల్లి ఉండగా ఇది చేసి తీరాల్సిన పని. అయితే మిల్లు బట్ట లెక్క దీనికి పనికిరాదు. పన్నా ఎంతో నేతగాళ్లను ముందే అడగండి. కత్తిరించే ముందు బట్టను రాత్రంతా నీళ్లలో నానబెట్టి నీడలో ఆరేయండి, లేకపోతే మొదటి ఉతుకుకే పొడవు తగ్గుతుంది. ముదురు ఎరుపు, నీలం రంగులైతే ఒక ముక్క తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే ఆ తానును వెనక్కి పంపండి, చెమటకు అదే రంగు పిల్లల తెల్లచొక్కాల మెడపట్టీకి ఎక్కుతుంది.