చెప్పుకున్న మాట, రాసుకున్న మాట

(స్వచ్ఛంద కార్యకర్తల శిక్షణ సభలో, మన దగ్గరికి వచ్చేవారి వ్యక్తిగత వివరాలను కాపాడటం గురించి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

లోపలికి వస్తూ గుమ్మం దగ్గర బల్ల మీదున్న రిజిస్టరులో మీరంతా సంతకాలు పెట్టి వచ్చారు. పేరు, ఫోన్ నంబరు, వయసు, ఆ పక్కన ‘దేనికోసం వచ్చారు’ అని ఒక గడి. ఆ గడి నేనే పెట్టించాను. ఇందాక పుస్తకం తెప్పించుకుని చూస్తే, ఒక్కరు తప్ప అందరూ బుద్ధిగా నింపారు. ఆ ఒక్కరు మాత్రం ‘మీకెందుకు?’ అని రాశారు. వారెవరో చెప్పను. ఇవాళ నేను చెప్పాలనుకున్నదంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. నిజానికి నేనిక కూర్చోవచ్చు. కానీ నిర్వాహకులు ముప్పావుగంట ఇచ్చారు, వదులుకోబుద్ధి కావడం లేదు.

ఇంకొకటి గమనించారా? పదో వరసలో సంతకం పెట్టేవారికి పైనున్న తొమ్మిది పేర్లూ కనబడతాయి. చదవాలని కాదు, కళ్ళు అటే పోతాయి. ఇది శిక్షణ సభ, ఇక్కడ దాపరికం ఏమీ లేదు. అదే పుస్తకం మద్యం మానేయాలని కూడుకునేవాళ్ళ గది ముందుంటే? ఇంట్లో దెబ్బలు తిని, ఎవరికీ చెప్పకుండా కౌన్సెలింగ్‌కు వచ్చిన ఒకామె పేరు కింద, పది నిమిషాల తర్వాత వచ్చిన ఆమె ఆడపడుచే సంతకం చేస్తే? దీనికి హ్యాకర్ అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, దారంతో కట్టిన పెన్ను చాలు.

డేటా రక్షణ అనగానే మనకు పాస్‌వర్డులు, సర్వర్లు గుర్తొస్తాయి. అవీ కావలసినవే. కానీ మనలాంటి చోట, అంటే మనసు బాగోలేనివాళ్ళు, ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్ళు, వ్యసనంతో పెనుగులాడేవాళ్ళు, ఆప్తులను పోగొట్టుకున్నవాళ్ళు వచ్చే చోట, నేను చూసినంతలో వివరాలు బయటపడేది మన అలవాట్ల వల్ల. ఒక్కోసారి మన మంచితనం వల్ల కూడా.

2015లో లండన్‌లో ఒక లైంగిక ఆరోగ్య క్లినిక్, ప్రధానంగా హెచ్‌ఐవీ ఉన్నవారి కోసం నడిపే వార్తాలేఖను ఈమెయిల్లో పంపింది. చిరునామాలు ఒకరివి ఒకరికి కనబడని ‘బీసీసీ’ గడిలో పెట్టాల్సింది, ‘టు’ గడిలో పెట్టారు. 781 చిరునామాలు అందరికీ కనబడిపోయాయి. వాటిలో 730 చిరునామాల్లో మనుషుల పూర్తి పేర్లే ఉన్నాయి. మరుసటి ఏడాది ఆ క్లినిక్‌ను నడిపే ఆస్పత్రుల ట్రస్టుకు 1,80,000 పౌండ్ల జరిమానా పడింది. ఆ మెయిలు పంపిన ఉద్యోగి దొంగేమీ కాదు, రోజూ చేసే పనే చేశారు. మనం మాత్రం తక్కువ తిన్నామా? ‘అందరికీ ఉపయోగంగా ఉంటుంది’ అని వాట్సాప్ గ్రూపు ఒకటి తెరిచి, మన దగ్గరికి వచ్చే ముప్పై మందినీ చేర్చేస్తాం. ముప్పై మంది నంబర్లూ, కొందరి ఫొటోలూ మిగతా వాళ్ళందరి చేతికీ వెళ్తాయి. చేరుస్తున్నామని ఎవరినీ అడగం. బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడితే ఎవరి మెసేజ్ వారికే పోతుంది. కాకపోతే మన నంబరు వాళ్ళు సేవ్ చేసుకుని ఉండాలి.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, ఒకావిడ రెండు వారాలుగా రావడం లేదని నేనే ఫోన్ చేశాను. మగ గొంతు ఎత్తింది. ‘ఎవరండీ?’ అంటే, దాచడమెందుకులే అనుకుని సంస్థ పేరు చెప్పాను. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. ‘అదేం సంస్థ? మీతో మా ఆవిడకేం పని?’ అన్నారు. నేను తడబడ్డాను. తడబాటే ఆయనకు జవాబైపోయింది. ఆవిడ మళ్ళీ రాలేదు. ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం జరిగిందో ఇప్పటికీ తెలీదు. నేను ఏ రహస్యమూ చెప్పలేదు, రోగం పేరు చెప్పలేదు, సమస్య చెప్పలేదు. మన సంస్థ పేరే ఆవిడ వ్యక్తిగత వివరం. ఆ సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఆ తర్వాత మా నమోదు ఫారం ముందేసుకుని కూర్చున్నాం. 23 గడులున్నాయి. ఒక్కో గడి దగ్గరా ఆగి, ‘ఇది రాయించుకుని మనమేం చేస్తున్నాం?’ అని అడుగుతూ పోయాం. మతం? ఎవరూ మాట్లాడలేదు. కొట్టేశాం. భర్త ఉద్యోగం? పాత ఫారంలో ఉంది కాబట్టి ఉందన్నారు. కొట్టేశాం. పుట్టిన తేదీ? వయసు సుమారుగా తెలిస్తే చాలు కదా. జీతం దగ్గర మాత్రం వాదన జరిగింది. ‘ఎప్పుడైనా పనికొస్తుందేమో’ అన్నారొకరు. నన్నడిగితే ఇన్ని ఫారాలను పాడుచేసిన మాట ఇంకొకటి లేదు. పనికొచ్చిన రోజు అడుగుదాం అని దాన్నీ తీసేశాం. చివరికి పన్నెండు గడులు మిగిలాయి. కొత్తగా చేర్చింది ఒక్కటే: ‘మీకు ఫోన్ చేయవచ్చా? ఏ వేళప్పుడు? వేరేవాళ్ళు ఎత్తితే ఏమని చెప్పమంటారు?’ అందులో జనం ఏం రాస్తారో చూస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది. ‘టైలరింగ్ క్లాసు నుంచి అనండి.’ ‘ఎవరైనా ఎత్తితే పెట్టేయండి.’ ‘మెసేజ్ అసలు వద్దు, మా అబ్బాయి నా ఫోన్ చూస్తాడు.’

ఇక సర్వర్ల సంగతి. ఫిన్లాండ్‌లో ‘వస్తామో’ అనే పేరుతో మానసిక చికిత్సా కేంద్రాల సంస్థ ఒకటి ఉండేది. వాళ్ళ డేటాబేస్‌లోకి 2018లోనే దొంగలు పడ్డారు. లోకానికి తెలిసింది 2020 అక్టోబరులో. సుమారు 33,000 మంది వివరాలు పోయాయి. దొంగ ముందు సంస్థను డబ్బడిగాడు, ఇవ్వకపోయేసరికి రోగులకే నేరుగా మెయిళ్ళు పెట్టాడు: 200 యూరోల బిట్‌కాయిన్ పంపు, లేదంటే థెరపిస్టుకు నువ్వు చెప్పుకున్నదంతా ఇంటర్నెట్‌లో పెడతాను. కొందరివి పెట్టాడు కూడా. సంస్థ 2021లో దివాలా తీసింది. 2024లో అక్కడి జిల్లా కోర్టు ఒక యువకుణ్ణి దోషిగా తేల్చి ఆరేళ్ళ మూడు నెలల శిక్ష వేసింది.

తాళం సరిగ్గా లేదన్నది ఇందులో సగం కథ. నన్ను ఎక్కువ కలవరపెట్టేది మిగతా సగం. పేరు, ప్రభుత్వ గుర్తింపు సంఖ్య, నాలుగు గోడల మధ్య చెప్పుకున్న మాటలు, మూడూ ఒక్క చోటే ఉన్నాయి. మనం అంత పెద్ద సంస్థ కాకపోవచ్చు, కానీ మన ఎక్సెల్ షీటు కూడా అలాగే ఉంటుంది కదా? పేరు, నంబరు, ‘సమస్య’ అన్నీ ఒకే వరసలో. పేర్లూ నంబర్లూ ఒక ఫైల్లో, నోట్సు ఇంకో ఫైల్లో పెట్టండి. రెంటినీ కలిపేది ఒక అంకె మాత్రమే ఉండాలి. రెండు ఫైళ్ళూ తెరవగలిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండాలి. తలుపు దగ్గర కూర్చునే వాలంటీరుకు ఎవరు ఎన్ని గంటలకు వస్తారో తెలిస్తే చాలు, ఎందుకు వస్తారో అక్కర్లేదు. ఇలా అంటే కొందరు నొచ్చుకుంటారు, ‘నా మీద నమ్మకం లేదా?’ అని. ఇది అనుమానం కాదు. తనకు తెలియని విషయం ఎలా బయటికొచ్చిందని ఆ మనిషిని ఎవరూ నిలదీయలేరు కదా.

నోట్సు అన్నాను. అక్కడ కొంచెం ఆగాలి. మనిషి చెప్పే మాటకు గొంతు ఉంటుంది, నవ్వు ఉంటుంది, మధ్యలో ఆగడం ఉంటుంది. ‘మా అన్నయ్యను చంపెయ్యాలనిపించిందండీ’ అని ఒకతను ఆస్తి తగాదా చెబుతూ, తన మీద తానే నవ్వుకుంటూ అంటాడు. మన ఫారంలో అది ‘హింసాత్మక ఆలోచనలు: ఉన్నాయి’ అనే టిక్కు అవుతుంది. నవ్వు ఎక్కడా రాదు. అతని కోపం వారంలో చల్లారినా ఆ టిక్కు ఏళ్ళ తరబడి ఉంటుంది. తర్వాత వచ్చే కార్యకర్త మనిషిని చూడకముందే టిక్కును చూస్తారు. అందుకని, విన్నదీ మీరు అనుకున్నదీ కలిపి రాయకండి. ‘ఫలానా మాట అన్నారు, నవ్వుతూ అన్నారు’ అని రాయండి.

సమ్మతి గురించి. 2022 జనవరిలో అమెరికాలో ఒక సంగతి బయటికొచ్చింది. క్రైసిస్ టెక్స్ట్ లైన్ అనే సేవాసంస్థ ఉంది, కష్టంలో ఉన్నవాళ్ళు మెసేజ్ పెడితే వాలంటీర్లు మాట్లాడతారు. ఆ సంభాషణల నుంచి పేర్లు తీసేసి, తన నుంచే పుట్టిన ఒక వ్యాపార సంస్థకు ఇచ్చింది. ఆ వ్యాపార సంస్థ పని కస్టమర్ సర్వీసు వాళ్ళకు సాఫ్ట్‌వేర్ తయారుచేయడం. షరతుల్లో రాసే ఉంది, ఒప్పుకున్నారు కదా అన్నది వాళ్ళ వాదన. గోల పెరిగాక ఆపేశారు. నేను అడిగేది ఒకటే. ప్రాణం మీదికి తెచ్చుకున్న అర్ధరాత్రి ఎవరు షరతులు చదువుతారు? ఏడుస్తున్న మనిషి చేత పెట్టించుకున్న సంతకాన్ని నేను సమ్మతి అనలేను. ముందు కూర్చోబెట్టండి, మంచినీళ్ళివ్వండి, మాట వినండి. కాగితం రెండోసారి వచ్చినప్పుడు చదివి వినిపించి అడగవచ్చు. ‘వద్దు’ అంటే సేవ ఆగదని కూడా అప్పుడే చెప్పాలి. ఫొటోకు ఒక సమ్మతి, ఫోనుకు ఒకటి, వేరే సంస్థకు పంపడానికి మరొకటి. అన్నిటికీ కలిపి కింద ఒక్క సంతకం కుదరదు.

మనం చాలా తేలిగ్గా ఇచ్చేసే మాట ఒకటుంది: ‘ఎవరికీ చెప్పం, మీరు ధైర్యంగా చెప్పండి.’ అది ఇవ్వకండి. నిలబెట్టుకోలేం. ఎదుటివారి ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో, పసివాళ్ళకో ముప్పు ఉందని తెలిస్తే మనం నోరు మూసుకుని కూర్చోలేం. తమ దగ్గరికి వచ్చే రోగి వల్ల ఇంకొక మనిషికి తీవ్రమైన ప్రమాదం ఉందని తెలిసిన మానసిక చికిత్సకులకు, ఆ రెండో మనిషిని కాపాడే బాధ్యత ఉందని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది. అంచేత మొదటి పది నిమిషాల్లోనే, వాళ్ళు అసలు విషయంలోకి రాకముందే, నేను ఇలా అంటాను: ‘మీరు చెప్పేది మా దగ్గరే ఉంటుంది. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఒకరిద్దరికి చెప్పాల్సి వస్తుంది. వీలైనంతవరకు ముందు మీకు చెప్పాకే చెబుతాం.’ ఇలా అంటే జనం బెదిరి నోరు విప్పరేమో అని నేనూ భయపడ్డాను. చాలామంది కాస్త తేలికపడతారు. ఎక్కడిదాకా చెప్పాలో వాళ్ళకు తెలుస్తుంది మరి.

వార్షిక నివేదికల్లో ‘విజయగాథలు’ వేస్తాం కదా, పేరు మార్చి. భర్త పోయిన 43 ఏళ్ళ లెక్కల టీచరు, ఇద్దరు కవల పిల్లలు... పేరు మార్చి ఏం లాభం, చదివిన ప్రతివాళ్ళూ ఎవరో చెప్పేస్తారు. 1990లలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్రభుత్వోద్యోగుల ఆస్పత్రి రికార్డులను పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చారు. లటానియా స్వీనీ అనే విద్యార్థిని 20 డాలర్లు పెట్టి ఓటర్ల జాబితా కొని, పుట్టిన తేదీ, పిన్‌కోడ్, ఆడా మగా అన్న మూడు వివరాలతోనే స్వయంగా గవర్నరుగారి ఆస్పత్రి రికార్డును పట్టుకుంది. ఆ మూడూ తెలిస్తే అమెరికన్లలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టవచ్చని 2000లో ఆమె లెక్క తేల్చింది. మన గాథల్లో మూడు కాదు, పది వివరాలుంటాయి. లెక్కలు ప్రకటించేటప్పుడూ అంతే. ‘ఈ కాలనీ నుంచి ఇద్దరు’ అని అచ్చువేస్తే ఆ ఇద్దరెవరో కాలనీకి తెలుసు. ‘ఐదుగురి లోపు’ అని రాస్తే సరిపోతుంది.

చట్టం గురించి తొందరగా చెప్పేస్తాను. ఐరోపాలో జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. అందులో ఆరోగ్య వివరాలు ప్రత్యేక తరగతి. వివరాలు లీకై జనానికి ప్రమాదం ఉంటే, తెలిసిన 72 గంటల్లోగా నియంత్రణ సంస్థకు చెప్పాలి. భారత్‌లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడమూ అంత తేలికగా ఉండాలని రెండూ అంటాయి. మీ సంస్థకు ఏది వర్తిస్తుందో తెలిసినవాళ్ళను అడగండి. చట్టం లేని చోట కూడా ఆ ఫోన్ ఎత్తిన మగగొంతు ఉంటుందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

పాత కాగితాలు ఎప్పుడు చింపాలన్నది కాగితం తీసుకున్న రోజే రాసిపెట్టుకోండి. లేకపోతే అవి బీరువాలో పడుంటాయి, మానేసిన వాలంటీరు ఫోన్ గ్యాలరీలో పడుంటాయి. ఇవాళ్టి రిజిస్టరు పేజీలు సాయంత్రం సభ అయ్యాక ముక్కలు చేస్తాం. ‘మీకెందుకు?’ అన్నవారే ఆ పని చేస్తానన్నారు.

ఒక్క సంగతి చెప్పి ప్రశ్నలకు వస్తాను. ఐదేళ్ళుగా మా దగ్గరికి వస్తున్న ఒకావిడ, ఒక రోజు తన ఫైలు చూపించమన్నారు. ఆఫీసులో ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అంతకుముందు ఎవరూ అడగలేదు. చూసే హక్కు ఆవిడదే కదా అని ఇచ్చి, పక్కనే కూర్చున్నాను. నిదానంగా పేజీలు తిప్పారు. ఒక చోట వేలు ఆగింది. ‘సహకరించడం లేదు’ అని మావాళ్ళెవరో రాశారు, వరసగా రెండుసార్లు రానందుకు. ‘ఆ రెండు వారాలూ మా అమ్మ ఐసీయూలో ఉంది’ అన్నారావిడ. కోపంగా కాదు, తేదీ గుర్తుచేస్తున్నట్టు. నేను ఆ ముక్క కొట్టేసి, పక్కన ఆవిడ మాటే రాసి, ఆ రోజు తేదీ వేశాను. ఆవిడ చదివి చూసి తలూపారు.

‘ఇంకేమైనా ఉందాండీ?’ అన్నాను.

ఆవిడ ఫైలు మూసి, అట్ట మీద చూపించారు. ‘నా పేరు కూడా తప్పే రాశారు.’