చోజెన్ కొండ మీద మార్చి గాలి

అందరికీ నమస్కారం అండి. ఇవాళ హెర్బర్ట్ హావెల్స్ అనే ఇంగ్లండ్ కంపోజర్ 1916లో రాసిన పియానో క్వార్టెట్ గురించి మాట్లాడుకుందాం. పెద్ద ఆర్కెస్ట్రా ఏం ఉండదు, పియానో, వయోలిన్, వయోలా, చెల్లో, నలుగురు కూర్చుని వాయించేస్తారు అంతే.

ఇలాంటివాటిని పాస్టొరల్ మ్యూజిక్ అంటారు, కొండలు, పొలాలు, పల్లె గాలి అన్నమాట, వింటూ హాయిగా కునుకు తీయొచ్చు అనుకుంటాం కదా, కానీ ఇది రాసినప్పుడు ఆయన పరిస్థితి అస్సలు హాయిగా లేదు. 1915లో గ్రేవ్స్ డిసీజ్, అంటే థైరాయిడ్ జబ్బు, బాగా ముదిరి ఆరు నెలలకి మించి బతకడు అనేశారు డాక్టర్లు, కుర్రాడికి పాతికేళ్లు కూడా లేవు! ఇక చేసేదేం లేక లండన్ సెయింట్ థామస్ హాస్పిటల్లో రేడియం ట్రీట్‌మెంట్ మొదలుపెట్టారు, అప్పటికది చాలా కొత్త, మెడలోకి ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లు. ఆ రోజుల్లో రాసిందే ఈ క్వార్టెట్.

దీన్ని అంకితం ఇచ్చింది ఎవరికనుకున్నారు, ముందు ఒక కొండకి! గ్లాస్టర్ ఊరి దగ్గరుండే చోజెన్ హిల్‌కి, తర్వాత ఆ కొండ బాగా తెలిసిన ఐవర్ గర్నీకి. గర్నీ కవి, కంపోజర్ కూడా, ఇద్దరూ గ్లాస్టర్ కెథీడ్రల్లో ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారు, 1910లో అక్కడే వాన్ విలియమ్స్ అనే ఇంకో ఇంగ్లండ్ కంపోజర్ రాసిన టాలిస్ ఫాంటసియా అనే పీస్ మొదటిసారి విని నిద్రపట్టక రాత్రంతా ఊరి వీధుల్లో తిరిగారట. 1916కి వచ్చేసరికి గర్నీ సైనికుడిగా ఫ్రాన్స్‌లో ఉన్నాడు. తర్వాత తూటా దెబ్బ, విషవాయువు, 1922 నుంచి మెంటల్ హాస్పిటల్, 1937లో అక్కడే పోయాడు. ఆరు నెలలే అన్న హావెల్స్ మాత్రం 1983 దాకా, తొంభై ఏళ్లు బతికాడు, ఏం చెప్తాం.

క్వార్టెట్‌లో మూడు భాగాలు, మొదటిది తెల్లవారుజామున కొండ, రెండోది నడి వేసవిలో ఆ కొండ మీద తీరిగ్గా ఆలోచించుకుంటూ గడిపే రోజు, మూడోది మార్చి నెల ఈదురుగాలి. చాలామంది రెండోదాన్ని మెచ్చుకుంటారు, నిజంగానే బాగుంటుంది, నాకు మాత్రం మూడోదే ఇష్టం, అందులో జబ్బు మనిషి ఎక్కడా కనపడడు, నలుగురూ ఒకరినొకరు తరుముకుంటూ వాయిస్తుంటే కునుకు మాట దేవుడెరుగు, సరిగ్గా కూర్చోనే లేం. మొదటిసారి వినేవాళ్లు దాంతోనే మొదలుపెట్టినా తప్పులేదు, వరుసగా వినాలి అని పెద్దవాళ్లు కోప్పడతారేమో గానీ, మేం ఇవాళ ముందు మూడోదే వేస్తున్నాం.