శాలువా బల్లా, దరఖాస్తు బల్లా

(సాయుధ దళాల పతాక దినం సందర్భంగా పర్లాకిమిడిలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ చలిలో మఫ్లర్లు చుట్టుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ వరసగా చదవమని నాకొక కాగితం ఇచ్చారు గాని, అది చదివితే నాకిచ్చిన పదిహేను నిమిషాల్లో అయిదు దానికే పోతాయి కాబట్టి, క్షమించమని కోరుతూ దానిని మడిచి జేబులో పెట్టుకుంటున్నాను.

సైనికులకూ మాజీ సైనికులకూ మనం కృతజ్ఞతలు చెప్పాలా అన్నది నాకిచ్చిన విషయం. అమెరికాలో యూనిఫాం కనబడితే ముక్కూ మొహం తెలియనివారు కూడా ఆగి ‘మీ సేవకు ధన్యవాదాలు’ అంటారు. వియత్నాం నుంచి తిరిగివచ్చిన కుర్రవాళ్లను సరిగా ఆదరించలేదన్న బాధ ఆ అలవాటు వెనుక ఉందంటారు. 1973లో అక్కడ నిర్బంధ సైనిక సేవ ఆగిపోయాక, సైనికుడున్న ఇల్లు చాలామందికి దూరమైపోయింది కూడా. ఆ మాటకు పొంగిపోయేవారూ ఉన్నారు, ఏం బదులివ్వాలో తెలియక తల వంచుకునేవారూ ఉన్నారు.

మన ఇళ్లలో అసలు ‘ధన్యవాదం’ అనే మాటే లేదు. ఇదే ఊళ్లో పాఠాలు చెప్పి, జనం నోట ఉన్న తెలుగు కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారి ఊరివాళ్లం కాబట్టి ఈ సంగతి మనం నిస్సంకోచంగా ఒప్పుకోవచ్చు. మన అమ్మలు ‘చల్లగా ఉండు నాయనా’ అంటారు, చెంబెడు మజ్జిగ చేతికిస్తారు, అంతే. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన మనసు విరిగి రాజమండ్రికి ఎందుకు వెళ్లిపోయారన్నది వేరే ప్రసంగం. దానిని ఎత్తుకుంటే అధ్యక్షులవారు గంట కొడతారు. ఆ గంట సంగతి తరువాత చెబుతాను.

‘వాళ్లేం ఊరికే చేస్తున్నారా, జీతం తీసుకోవడం లేదా’ అని అడిగేవారు మనలోనే ఉన్నారు. నిజమే, జీతం తీసుకుంటారు. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పనిచేసి నేనూ తీసుకున్నాను. అయితే నాకు నచ్చకపోతే రాజీనామా కాగితం ముఖాన కొట్టి వచ్చేసే వీలు ఉండేది; మా ఉపాధ్యాయ సంఘం ఉండేది, ధర్నాలు ఉండేవి, వాటిలో నేను గొంతు చించుకుని అరిచాను కూడా. మన రాజ్యాంగంలోని 33వ అధికరణం సాయుధ దళాలవారి ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది, ఆ అధికారంతోనే 1950 నాటి సైనిక చట్టం సంఘం పెట్టుకునే హక్కును, పత్రికల వారితో మాట్లాడే హక్కును కట్టడి చేసింది. మన హక్కులు భద్రంగా ఉండడానికి తన హక్కులు కొన్ని వదులుకున్న మనిషి జీతాన్ని నా జీతంతో కలిపి లెక్కకట్టడం న్యాయం కాదని నేను అనుకుంటాను. కాబట్టి కృతజ్ఞత చెప్పాలా అన్న ప్రశ్నకు నా జవాబు, చెప్పాలి అనే. ఎలా అన్నదే నాకు ఇప్పటికీ సరిగా తెలియదు, దానికి మా చిన్నాన్న సాక్షి.

ఆయన సైన్యంలోని ఇంజనీరు దళమైన మద్రాస్ సాపర్స్‌లో పనిచేశాడు. బెంగళూరులో అలసూరు చెరువు పక్కన శిక్షణ పొంది, 1971 యుద్ధంలో పడమటి సరిహద్దున షకర్‌గఢ్ వైపు మందుపాతరలు తీసే పనిలో ఉన్నాడు. ఆ ఏడాది పతాక దినం, అంటే డిసెంబరు 7 నాటికి, యుద్ధం మొదలై నాలుగు రోజులు. నేనప్పుడు అయిదో తరగతి. మా మాస్టారు ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల కాగితపు జెండాలను చొక్కాలకు గుండుసూదితో గుచ్చి పది పైసలు పుచ్చుకున్నారు. 1949 నుంచి ఏటా ఈ రోజున ఆ డబ్బులు పోగుచేస్తున్నారనీ, అవి యుద్ధంలో పోయినవారి భార్యలకూ మాజీ సైనికులకూ వెళతాయనీ ఆయన మాకు చెప్పలేదు. మాస్టారినయ్యాక నేనూ ఏళ్ల తరబడి అలాగే, ఏమీ చెప్పకుండా, డబ్బాలో చిల్లర వేయించి రసీదు చింపి ఇచ్చాను.

పదిహేడేళ్ల సర్వీసు చేసి నాయక్ హోదాతో ఇంటికి వచ్చిన చిన్నాన్న రైసు మిల్లులో రాత్రి కాపలాకు చేరాడు. గట్టు మీద నడిచినా, పెళ్లిపందిట్లో నడిచినా ఆయన చూపు నేల మీదే ఉండేది. అది వినయమని మేము అనుకునేవాళ్లం. ఒక వేసవిలో మహేంద్రతనయ ఒడ్డున ఇసుకలో ఒక డబ్బా మూత పాతిపెట్టి, పాత గొడుగు చువ్వ నా చేతికిచ్చి వెతకమన్నాడు. నేను నిలువుగా పొడిచాను. ‘నువ్వు పోయావురా బాబూ’ అని నవ్వి, చువ్వను ఏటవాలుగా, నేలకు వాలిపోయినట్టు పట్టుకుని, బొటనవేలి బలంతో మెల్లగా దూర్చి చూపించాడు. పాతర నెత్తిన నొక్కకూడదట, పక్కకు తగలాలట. తగిలాక చేత్తో మట్టి తీయాలట. ‘ఇలా అరచేతి వెడల్పుకొకటి చొప్పున, చీకట్లో, పొట్ట మీద పాకుతూ’ అన్నాడు. ఎంత దూరమని అడిగితే చెప్పకుండా ఒడ్డెక్కిపోయాడు.

నేను ప్రధానోపాధ్యాయుడిని అయ్యాక ప్రతి ఆగస్టు 15కీ ఆయనను బడికి పిలిచి, జెండా తాడు పట్టించి, శాలువా కప్పి, బూందీ పొట్లం చేతిలో పెట్టి పంపేవాడిని. ఒక ఏడు ఆయన తనంతట తాను మైకు దగ్గరికి వచ్చాడు. తన పక్కనే పాకుతూ వచ్చిన తమిళ కుర్రవాడి గురించి మొదలుపెట్టాడు. పిల్లలు గుసగుసలు మానేశారు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ముఖ్య అతిథి జీపు ఆగింది. నేను బల్ల మీది గంట కొట్టాను. చిన్నాన్న వాక్యం మధ్యలో ఆగి, నాకు సెల్యూట్ చేసి, తన కుర్చీలోకి వెళ్లి కూర్చున్నాడు. ఆ తమిళ కుర్రవాడు ఏమయ్యాడో ఆయన తరువాత నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏడేళ్ల క్రితం ఆయన పోయాడు.

ఆయన పోయిన తరువాత అసలు కథ మొదలైంది. చిన్నాన్న పేరులో ‘వెంకట’ ఉంది. ఒడియాలో మన ‘వ’ను ‘భ’గా రాసే అలవాటు ఉందని మీలో ప్రతి ఒక్కరి రేషన్ కార్డూ సాక్ష్యం చెబుతుంది కదా! ఓటరు జాబితాలో ఆయన ‘భెంకట’ అయ్యాడు, అది ఇంగ్లీషులోకి వెళ్లి ‘బీ’ అక్షరంతో మొదలైంది. సైన్యం ఇచ్చిన డిశ్చార్జి బుక్కులో మాత్రం ‘వీ’తో మొదలవుతుంది, ఇంటిపేరు చివరికి పోయి ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. మా పిన్నిని అందరూ పిలిచే పేరు ఒకటి, పెళ్లయినప్పుడు సైన్యంలో ఇంటి వివరాలు నమోదుచేసే పార్ట్ టూ ఆర్డరులో చిన్నాన్న రాయించిన పేరు మరొకటి. కుటుంబ పింఛను కోసం వెళ్తే, ఈ వీ మనిషీ ఆ బీ మనిషీ ఒక్కరేనని, ఈవిడ ఆయన భార్యేనని రుజువు తెమ్మన్నారు. అఫిడవిట్ రాయించాము. అది తెలుగు వకీలు రాశాడని ఒడియాలో తెమ్మన్నారు, ఒడియాలో తెస్తే రికార్డు ఆఫీసుకు ఇంగ్లీషులో కావాలన్నారు. పద్నాలుగు నెలలు, పదకొండు ప్రయాణాలు. పిన్ని మోకాళ్లు పట్టేసి మెట్లెక్కలేకపోతే నేను కాగితాలు పట్టుకుని ఎక్కేవాడిని, ఆవిడ కింద వేపచెట్టు కింద చీర చెంగు పరుచుకుని కూర్చునేది.

ఆ కార్యాలయం పేరు నేను చెప్పను. అక్కడ మమ్మల్ని తిప్పిన పెద్దమనిషి అంతకుముందు ఏటి సన్మాన సభలో చిన్నాన్నకు తన చేతులతో శాలువా కప్పినవాడే, నిజంగా కళ్లనీళ్లు పెట్టుకున్నవాడే. ఆయన దుర్మార్గుడు కాదు. వేదిక మీది బల్ల దగ్గర ఆయనకు కనబడిన మనిషి ఆఫీసు బల్ల దగ్గర కనబడలేదు, ఎందుకంటే అక్కడ స్పెల్లింగు అడ్డం వచ్చింది. పదో ప్రయాణంలో మాత్రం ఒక చిన్న గుమాస్తా, పాతికేళ్ల ఒడియా అమ్మాయి, డిశ్చార్జి బుక్కు చివరి పేజీ వరకూ తిప్పి, పుట్టిన తేదీని ఓటరు కార్డుతో సరిపోల్చి, తన చేత్తో ఉత్తరం రాసి పంపింది. ధన్యవాదం అనే మాట ఆ అమ్మాయి ఒక్కసారి కూడా అనలేదు.

ఇక్కడున్న మీలో బ్యాంకులో పనిచేసేవారున్నారు, తహసీలు ఆఫీసులో పనిచేసేవారున్నారు, నాలాంటి మాస్టార్లయితే సగం మంది. ప్రతి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ పట్టుకుని ముసలివాళ్లు మీ దగ్గరికి వస్తారు, వేలిముద్ర పడక యంత్రం మొరాయిస్తుంది. అప్పుడు ‘రేపు రండి’ అనకండి, దయచేసి అనకండి, ఆ వేలు ఎందుకు అరిగిందో ఒక్కసారి అడగండి.

అధ్యక్షా, మీ చెయ్యి బల్ల మీద గంట కోసం వెతుకుతున్నట్టుంది. అది నా దగ్గరే ఉంది, వేదిక ఎక్కేటప్పుడే తీసుకున్నాను. ఈ హాలు గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న కాపలాదారు పద్దెనిమిదేళ్లు సైన్యంలో ఉండి వచ్చాడని ఇందాక టీ తాగుతున్నప్పుడు తెలిసింది. ఆహ్వాన పత్రికలో ఆయన పేరు లేదు. నాకు మిగిలిన సమయం, అవసరమైతే నా తరువాత మాట్లాడవలసినవారి సమయంలోంచి కొంత, ఆయనకు ఇవ్వండి. బాబూ, నువ్వు వచ్చి ఈ మైకు తీసుకో, ఎంతసేపైనా ఫరవాలేదు.