డ్రైవర్ రికార్డులో ఏం ఎక్కాలి?

యాంకర్: నమస్కారం. విశాఖ స్టూడియోలో ఇవాళ ముగ్గురు ఉన్నారు: ఒక లారీ డ్రైవర్, రిటైరైన మోటారు వాహన ఇన్‌స్పెక్టర్, ఒక న్యాయవాది. అన్నా, ముందు మీరు చెప్పండి.

డ్రైవర్: హనుమంతవాకలో సిగ్నల్ పడింది, బండి ఆపాను మేడమ్. వెనక నుంచి బైక్ మీద ఒక కుర్రాడొచ్చి గుద్దేశాడు. దిగి చూస్తే వెనక టైరు పక్కన హెల్మెట్ పడి ఉంది, పట్టీ పెట్టుకోలేదు. ఆటో ఆపి నేనే ఎక్కించాను. కుర్రాడు బతికాడు. కేసులో మాత్రం నా పేరు ఎక్కింది. తర్వాత నా తప్పు లేదని తేలింది. అయినా ఏ ఓనరు దగ్గరికెళ్లినా మొదటి మాట అదే, "యాక్సిడెంట్ కేసుందట కదా?" అని. ఆరు నెలలు ఖాళీగా కూర్చున్నాను.

యాంకర్: పెద్ద బండిదే తప్పనుకోవడం మనకు అలవాటైపోయింది.

ఇన్‌స్పెక్టర్: ప్రమాదం జరిగిన బండిని మేం తనిఖీ చేస్తాం. బ్రేకులు పనిచేస్తున్నాయా, లోపం యంత్రానిదా అనేది రాస్తాం. తప్పెవరిదో తేల్చేది మేం కాదు. అయినా నా మాట ఒకటే, ప్రతి ప్రమాదమూ రికార్డులో ఉండాలి. ఒకే డ్రైవర్ ఏడాదిలో మూడుసార్లు చిన్నచిన్నగా గుద్దాడంటే అది హెచ్చరిక కాదా?

న్యాయవాది: హెచ్చరికే సార్. కానీ ఉత్త పేరు రాస్తే అది నిందే అవుతుంది. ఇప్పుడు ఈ-డార్‌లో, అంటే రోడ్డు ప్రమాదాల వివరాలు నమోదు చేసే ఆన్‌లైన్ వ్యవస్థలో, ప్రమాదస్థలం నుంచే పోలీసులు ఫొటోలు, వివరాలు ఎక్కిస్తున్నారు. కేసు ఏమైందో కూడా ఆ పక్కనే కనిపించాలి. 1988 మోటారు వాహనాల చట్టం చూడండి. 19వ సెక్షన్ కింద లైసెన్స్ ఆపాలంటే ముందు ఆ డ్రైవర్ మాట వినాలి. 24వ సెక్షన్‌లో ఇంకో మంచి సంగతుంది. లైసెన్స్ మీద ఎండార్స్‌మెంట్, అంటే తప్పు చేసినట్టు రాత, పడ్డాక వరసగా మూడేళ్లు కొత్తది పడకపోతే, అది లేని లైసెన్స్ అడిగే హక్కుంది. తప్పు రుజువైనవాడికే గడువుంటే, తప్పు లేనివాడికి జీవితాంతం మచ్చేమిటి?

ఇన్‌స్పెక్టర్: ఆ మాట ఒప్పుకుంటానమ్మా. మరి స్కూలు బస్సు డ్రైవర్‌ని పెట్టుకునేవాళ్లకి ఏం చెప్తారు?

న్యాయవాది: రుజువైనవన్నీ చూపించండి. తాగి నడిపాడా, గుద్ది పారిపోయాడా, ఏదీ దాచొద్దు. 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడటం డ్రైవర్ బాధ్యత. జనం కొట్టే పరిస్థితి ఉంటే ఆగలేకపోవచ్చని చట్టమే ఒప్పుకుంటుంది. అలాంటప్పుడు నేరుగా స్టేషన్‌కి వెళ్లినవాణ్ణి, పారిపోయినవాణ్ణి ఒకే గాటన కట్టకూడదు. అతను ఆ తర్వాత ఏం చేశాడన్నది కూడా రికార్డులో ఉండాలి.

యాంకర్: అన్నా, మీరేమంటారు?

డ్రైవర్: కేసు కాగితాల్లో నా బండి నంబరుంది, లైసెన్స్ నంబరుంది, మా నాన్న పేరు కూడా ఉంది. ఆ కుర్రాణ్ణి ఆటో ఎక్కించింది నేనేనని మాత్రం ఎక్కడా లేదు మేడమ్. ఆ ఒక్క లైను ఉంటే ఓనర్లకి చూపించుకునేవాణ్ణి.