అంతరిక్షంతో పది నిమిషాలు

శ్రోతలకు నమస్కారం.

మీ ఇంట్లో రేడియోకి ఎఫ్.ఎం. ముల్లు 108 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. ఇంకాస్త పైకి, 145.800 దాకా పోగలిగే సెట్టు ఉంటే, సరైన వేళ చూసుకుని మేడమీద నిలబడితే, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగామి గొంతు నేరుగా వినబడుతుంది. మధ్యలో ఇంటర్నెట్టు లేదు. పైన ఒక రేడియో, కింద ఒక రేడియో. అంతే.

ఇది హామ్ రేడియో. పరీక్ష రాసి, ప్రభుత్వ లైసెన్సు తీసుకుని, సరదా కొద్దీ నడుపుకునే రేడియో. నడిపేవాళ్ళనూ హామ్‌లనే అంటారు. 1983లో ఓవెన్ గారియట్ అనే అమెరికన్ వ్యోమగామి కొలంబియా నౌకలోకి చేతిలో పట్టే చిన్న సెట్టు తీసుకువెళ్ళి, కిటికీకి యాంటెన్నా పెట్టి, తీరిక వేళల్లో భూమి మీది హామ్‌లతో మాట్లాడారు. జోర్డాన్ రాజు హుస్సేన్ కూడా ఆయనతో మాట్లాడిన వారిలో ఉన్నారు. రాజుగారికీ మామూలు మనిషికీ ఒకే ఫ్రీక్వెన్సీ, ఒకే వరుస. ఈ విద్యలో నాకు బాగా నచ్చిన సంగతి అదే. మన హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మొదలైంది కూడా ఆ 1983లోనే. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ బృందం అండమాన్‌లోనే ఉంది. వెళ్ళింది రేడియో సరదాకి, అక్కడ చేసింది సహాయం.

ఇక అసలు విషయం. అంతరిక్ష కేంద్రం ఏ ఒక్క దేశానిదీ కాదు. మరి అందులో హామ్ రేడియో ఎవరిది? ప్రతి దేశం తన సెట్టు, తన యాంటెన్నా పట్టుకొస్తే పెట్టడానికి చోటెక్కడ? అందుకని 1996లో ఎనిమిది దేశాల హామ్‌లు హూస్టన్‌లో కూర్చుని ఒక్క జట్టుగా పనిచేయాలని ఒప్పుకున్నారు. అలా పుట్టిందే ఏరిస్, అంటే ‘అమెచ్యూర్ రేడియో ఆన్ ది ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్’. 2000 డిసెంబరు 21న షికాగో దగ్గరి ఒక బడి పిల్లలతో కేంద్రంలోని తొలి బృందం నాయకుడు విలియం షెపర్డ్ మాట్లాడారు. ఆనాటి నుంచి ఈ కార్యక్రమం సాగుతూనే ఉంది. నడిపేవారిలో ఎక్కువమంది స్వచ్ఛందంగా పనిచేసేవారే.

వీళ్ళు చేసే పని ఏమిటి? ఒక్క ఉదాహరణ చెబుతాను, కాస్త ఓపికగా వినండి. హైదరాబాద్‌లో ఒక బడి ఉందనుకుందాం. పిల్లలు వ్యోమగామితో మాట్లాడాలి. స్టేషన్, అంటే ఆ అంతరిక్ష కేంద్రం, భూమికి దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో, గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. మన దిగంతం మీద తేలిన క్షణాన అది మనకు సుమారు 2,300 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. నడినెత్తికి వచ్చి, అటు దిగిపోవడానికి పట్టేది పది నిమిషాలు. దీన్ని మా వాళ్ళు పాస్ అంటారు. పది నిమిషాలు. పదకొండోది లేదు.

ఈ పాస్‌లు మన ఊరి మీద రోజుకు రెండు గుంపులుగా వస్తాయి. ఒక గుంపు అర్ధరాత్రి దాటాక వస్తే రెండోది మధ్యాహ్నం వేళకు వస్తుంది. అవి కూడా ఒక చోట నిలవవు. సగటున రోజుకు ఇరవై నిమిషాలకు పైగా ముందుగానే వస్తూ ఉంటాయి. ఈ వారం మధ్యాహ్నం వచ్చినవి కొన్ని వారాలకు తెల్లవారుజాముకు చేరతాయి.

పైన ఉన్నవాళ్ళకూ నిద్ర ఉంటుంది కదా. స్టేషన్ గ్రీన్‌విచ్ కాలాన్ని పాటిస్తుంది. ఉదయం ఆరింటికి లేచి, రాత్రి తొమ్మిదిన్నరకు పడుకోవడం అక్కడి మామూలు దినచర్య. మన గడియారంలో అది పగలు పదకొండున్నర నుంచి తెల్లవారుజామున మూడింటి దాకా. మన బడి నాలుగింటికి వదిలేస్తారు. అంటే అక్కడ మేలుకుని ఉండి, ఇక్కడ బడి నడిచే సమయం నాలుగున్నర గంటలు. ఆ నాలుగున్నర గంటల్లో స్టేషన్ మన మీదుగా, అదీ కాస్త ఎత్తుగా, పోవాలి. ఆ రోజు వ్యోమగాములు బయటికి వెళ్ళే పని ఉండకూడదు. సరుకుల నౌక వచ్చే రోజు కాకూడదు. వాళ్ళలో ఒకరికి ఆ పది నిమిషాలు ఖాళీ ఉండాలి. ఇన్నీ కుదిరిన రోజును వెతికి, అంతరిక్ష సంస్థలతో మాట్లాడి ఒప్పించడమే సమన్వయం. కచ్చితమైన నిమిషం ఏదో బడికి తెలిసేది చివరి వారం, పది రోజుల్లోనే. పెళ్ళి ముహూర్తానికి కూడా ఇన్ని గ్రహాలు చూడరేమో!

ఏదీ కుదరకపోతే? దానికీ ఒక దారి ఉంది. టెలిబ్రిడ్జ్ అంటారు. స్టేషన్ ఆ సమయానికి మన మీద లేకపోయినా ఆస్ట్రేలియా మీదో ఇటలీ మీదో ఉంటుంది. అక్కడ ఒక హామ్ తన ఇంటి యాంటెన్నాను స్టేషన్ వైపు తిప్పుతూ కూర్చుంటాడు. మన పిల్లల గొంతు ఫోను ద్వారా ఆయన దగ్గరికి వెళుతుంది, అక్కడి నుంచి రేడియో మీద పైకి. జవాబు అదే దారిన తిరిగి వస్తుంది. ఇది అసలు సిసలు హామ్ రేడియో కాదని పెదవి విరిచేవాళ్ళు ఉన్నారు. నాకైతే ఇదే ముద్దు. తానెన్నడూ చూడని ఊరి పిల్లల కోసం ఒక అపరిచితుడు తన నిద్ర మానుకుని యాంటెన్నా తిప్పుతాడు, జీతం లేకుండా.

నిరుడు కాదు మొన్న అన్నట్టుంది, 2025 జులైలో మన శుభాంశు శుక్లా ఆక్సియమ్-4 యాత్రలో స్టేషన్‌లో ఉన్నప్పుడు హామ్ రేడియో మీద బెంగళూరులోనూ షిల్లాంగ్‌లోనూ విద్యార్థులతో మాట్లాడారు. మన ఊరి బడులు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉపాధ్యాయుల కోసం ఒకే ఒక్క మాట చెబుతాను. ప్రశ్న పొట్టిగా ఉండాలి.

పది నిమిషాల్లో పదిహేను, పద్దెనిమిది మంది పిల్లలు అడగాలి. జవాబుతో కలిపి ఒక్కొక్కరికి దక్కేది అర నిమిషం. “సర్, అంతరిక్షంలో బరువు తెలియదని మా పుస్తకంలో ఉంది, మరి మీరు ఎలా పడుకుంటారు, తేలిపోకుండా ఏం చేస్తారు, కలలు వస్తాయా” అని మొదలుపెడితే వెనకున్న ఇద్దరి వంతు పోయినట్టే. “నిద్రలో తేలిపోకుండా ఏం చేస్తారు? ఓవర్.” ఇది చాలు. ఆ ఓవర్ మాత్రం, అంటే నా మాట అయింది, ఇక మీ వంతు అనడం, మరిచిపోకూడదు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు వినడమే తప్ప ఇద్దరూ ఒకేసారి మాట్లాడే వీలు లేదు. టెలిబ్రిడ్జ్‌లో అయితే ఆస్ట్రేలియా ఆసామి గొంతు పైకి పంపే మీట వదిలేది ఆ మాట విన్నాకే. అది వినబడకపోతే ఆయన మీట నొక్కుకునే ఉంటాడు, వ్యోమగామి ఎదురుచూస్తూనే ఉంటాడు, స్టేషన్ వెళ్ళిపోతూనే ఉంటుంది. కాబట్టి తరగతిలో గడియారం పెట్టుకుని సాధన చేయించండి. వరుసలో చివరన నిలబడే పిల్లలకు వంతు రాకపోవచ్చని ముందే చెప్పండి. లేకపోతే ఆ రోజు ఇంటికి ఏడుస్తూ వెళతారు.

ఇంకొకటి, మన ఊరి సభల సంగతి నాకు తెలుసు కనుక చెబుతున్నాను. ముఖ్య అతిథి గంట ఆలస్యంగా రావడం, ఆయన వచ్చేదాకా ప్రార్థన గీతం ఆపడం మనకు అలవాటు. స్టేషన్‌కు ఆ అలవాటు లేదు. అతిథిని అరగంట ముందే కుర్చీలో కూర్చోబెట్టండి. దండలూ శాలువలూ ప్రసంగాలూ అన్నీ స్టేషన్ అటు దిగిపోయాకే పెట్టుకోండి. అప్పుడు కావలసినంత సమయం ఉంటుంది.

నమస్కారం.