ముందే వంచి పంపే సంకేతం

అందరికీ నమస్కారం. యాంప్లిఫయర్ వంకర చేసే సంకేతాన్ని ముందే దిద్ది పంపడం గురించి ఈ రోజు మాట్లాడతాను.

జాతరలో మైకు సెట్టును పూర్తిగా పెంచినప్పుడు పాట ఎలా వినిపిస్తుందో మీకు తెలుసు. మెల్లగా పాడే చోట బాగానే ఉంటుంది, గాయకుడు గొంతెత్తగానే గరగరమంటుంది. యాంప్లిఫయర్ తనకున్న శక్తంతా ఇచ్చేసి, ఇక పైకి వెళ్లలేక అలల కొనలను నలిపేస్తుంది. సెల్ టవర్ మీదున్న పవర్ యాంప్లిఫయర్‌లోనూ జరిగేది ఇదే. కాకపోతే ఆ గరగర మన చెవిన పడదు, పక్క ఛానెల్‌లో పడుతుంది. మూడో ఘాతపు వక్రీకరణ, అంటే సంకేతపు ఘనంతో పాటు పెరిగే వంకర, ఒక్కటే 100 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని 300 మెగాహెర్ట్జ్ మేర పరుస్తుంది. పక్క ఛానెల్‌లోకి కారే శక్తి 45 డెసిబెల్స్ తక్కువగా ఉండాలని 5జీ ప్రమాణాలు బేస్ స్టేషన్లకు నియమం పెట్టాయి. అంటే ముప్పై వేల వంతుల్లో ఒక వంతుకు మించి కారకూడదు.

అయితే యాంప్లిఫయర్‌ను తక్కువ శక్తితో నడపవచ్చు కదా అని అడుగుతారు. నడపవచ్చు, కానీ కరెంటు వేడిగా మారిపోతుంది. 4జీ, 5జీ సంకేతాల్లో ఎన్నో ఉపవాహకాలు, అంటే పక్కపక్క పౌనఃపున్యాల మీద నడిచే చిన్న అలలు, కలిసి ప్రయాణిస్తాయి. అవన్నీ ఒక్కసారి లేచినప్పుడు శిఖరం సగటు కంటే పది రెట్లు దాటుతుంది, దాన్ని కాస్త కత్తిరించినా ఆరు రెట్లు మిగులుతుంది. క్లాస్ బి అనే రకపు ఆదర్శ యాంప్లిఫయర్ సామర్థ్యం, అంటే తీసుకున్న కరెంటులో సంకేతంగా మారే వంతు, శిఖరం వద్ద 78.5 శాతం, ఆరో వంతు శక్తి వద్ద దాదాపు 32 శాతం. 1936లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలకు చెందిన విలియం డోహర్టీ రెండు యాంప్లిఫయర్లను జతచేసి ఈ నష్టాన్ని చాలా తగ్గించారు. నేటి టవర్లలో ఎక్కువగా కనిపించేది ఆ అమరికే. దాని సామర్థ్యం బాగుంటుంది, వంకర మాత్రం ఎక్కువ.

వంకరను సరిచేసే ప్రయత్నాలు ఇంకా పాతవి. 1927 ఆగస్టు 2న బెల్ ల్యాబ్స్ ఇంజినీరు హెరాల్డ్ బ్లాక్ హడ్సన్ నది దాటే ఫెర్రీలో కూర్చుని, చేతిలోని న్యూయార్క్ టైమ్స్ కాగితం మీదే రుణ ఫీడ్‌బ్యాక్ యాంప్లిఫయర్ బొమ్మ గీశారు. ఔట్‌పుట్‌ను వెనక్కి తెచ్చి తప్పును దిద్దడం ఆ పద్ధతి. టెలిఫోన్ లైన్లకు అది అద్భుతంగా పనిచేసింది. కానీ 5జీ వాడే 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక అల నానోసెకనులో మూడో వంతు కూడా పట్టదు. వెనక్కి తెచ్చేలోపే దిద్దవలసిన క్షణం దాటిపోతుంది. అందుకే సంకేతాన్ని ముందే ఎదురు దిక్కుకు వంచి పంపుతారు. పెడన అద్దకంలో చెక్క అచ్చు మీద బొమ్మను కుడిఎడమలు తిప్పి చెక్కినట్టే ఇది. అచ్చులో తిరగబడి ఉంటేనే గుడ్డ మీద సరిగ్గా పడుతుంది. యాంప్లిఫయర్ ఎంత నలుపుతుందో అంత ముందే పెంచి పంపితే గాలిలోకి వెళ్లేది సరైన సంకేతమే. దీన్నే డిజిటల్ ప్రీడిస్టార్షన్ అంటాం.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. గుడ్డకు అంతకుముందు పడిన ముద్ర గుర్తుండదు, యాంప్లిఫయర్‌కు గుర్తుంటుంది. ట్రాన్సిస్టర్ వేడెక్కిన తీరు, సరఫరా వైరులో కదిలే వోల్టేజి, ట్రాన్సిస్టర్ తయారైన గాలియం నైట్రైడ్ పదార్థంలో చిక్కుకుపోయే ఎలక్ట్రాన్లు, ఇవన్నీ ఇప్పటి ఔట్‌పుట్‌ను అంతకుముందటి ఇన్‌పుట్‌తో ముడిపెడతాయి. ఇటలీ గణితవేత్త వీటో వోల్టెరా పేరిట ఉన్న శ్రేణి ఇలాంటి జ్ఞాపకమున్న వంకరను రాయగలదు, కానీ అందులో సరిపెట్టవలసిన గుణకాల సంఖ్య అదుపు తప్పుతుంది. దాన్ని కుదించిన బహుపదులే చాలా ఏళ్లు పరిశ్రమను నడిపించాయి. బ్యాండ్‌విడ్త్ పెరిగే కొద్దీ వాటికీ ఊపిరి ఆడడం లేదు. ఉదాహరణల నుంచి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్కులు అలా ఈ రంగంలోకి వచ్చాయి. సంకేతాన్ని క్షణక్షణానికీ కొలిచిన విలువలను నమూనాలంటాం; ఒక్కో నమూనాలో అల పరిమాణాన్నీ ఫేజ్‌నూ (అల ఏ కోణంలో ఉందో) కలిపి చెప్పే రెండు సంఖ్యలు ఐ, క్యూ. గత కొన్ని నమూనాల ఐ, క్యూ విలువలను చిన్న నెట్‌వర్కుకు ఇచ్చి యాంప్లిఫయర్ ప్రవర్తనను నేర్పించవచ్చని 2004లోనే చూపించారు.

నేను ముఖ్యంగా చెప్పదలచింది ఇదే. నెట్‌వర్కును పెద్దది చేసి, అన్నీ అదే నేర్చుకుంటుందని వదిలేసే పద్ధతి ఇక్కడ చెల్లదు. ఇన్‌పుట్ ఫేజ్‌ను ముప్పై డిగ్రీలు తిప్పితే ఔట్‌పుట్ కూడా అంతే తిరుగుతుంది, వంకర ఆకారం మారదు. ఇది యాంప్లిఫయర్ స్వభావం. ఆ సంగతి తెలియని నెట్‌వర్కు ప్రతి కోణంలోనూ అదే పాఠాన్ని మళ్లీ మళ్లీ నేర్చుకుంటూ గుణకాలన్నీ అక్కడే ఖర్చు చేస్తుంది. ఫేజ్‌ను ముందే తీసేసి, నెట్‌వర్కు పని అయ్యాక తిరిగి కలిపితే ఎంతో చిన్న నెట్‌వర్కు అదే పని చేస్తుంది.

చిన్నది కావడం ఎందుకు ముఖ్యమో లెక్క చూడండి. 100 మెగాహెర్ట్జ్ 5జీ సంకేతానికి ప్రీడిస్టార్షన్ సెకనుకు 49 కోట్లకు పైగా నమూనాలతో నడుస్తుందనుకుందాం. నమూనాకు ఐదు వందల గుణకారాలైతే సెకనుకు దాదాపు 24,500 కోట్లు. 64 యాంప్లిఫయర్లున్న యాంటెన్నాలో ఒక్కో యాంప్లిఫయర్ ఇచ్చేది సుమారు 5 వాట్లు. దిద్దుబాటు వల్ల సామర్థ్యం 25 నుంచి 40 శాతానికి పెరిగితే వాడకం 20 వాట్ల నుంచి 12.5కు దిగుతుంది, ఏడున్నర వాట్లు మిగులుతాయి. దిద్దే చిప్పే ఆ ఏడున్నర తినేస్తే మనం సాధించింది శూన్యం. పరిశోధన పత్రాల్లో డెసిబెల్స్ కనిపించినంత తరచుగా వాట్లు కనిపించకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

ఒకసారి మా ప్రయోగశాల బల్ల మీద ఒక నెట్‌వర్కు చక్కగా పనిచేసింది. ఆగకుండా సాగే సంకేతంతో శిక్షణ ఇచ్చాం, పక్క ఛానెల్ శుభ్రంగా ఉంది. తర్వాత 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండులో నిజంగా నడిచే పద్ధతిలో, కాసేపు పంపి కాసేపు ఆపే సంకేతం ఇచ్చాం. పంపడం మొదలైన ప్రతిసారీ మొదటి క్షణాల్లో వక్రీకరణ లేచింది. రెండు రోజులు నెట్‌వర్కు పొరలు పెంచుతూ పోయాం, ఫలితం లేదు. చివరికి ఒక విద్యార్థిని అడిగింది, "ఇది ఎంత వెనక్కి చూస్తోంది సార్?" పది నమూనాలు, అంటే ఇరవై నానోసెకన్లు. ట్రాన్సిస్టర్‌లో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు విడుదల కావడానికి మైక్రోసెకన్లు, ఒక్కోసారి మిల్లీసెకన్లు పడుతుంది. కిటికీలో పడని దాన్ని ఎన్ని పొరలు పెట్టినా చూడలేం. ఇటీవలి శక్తి సగటును నిదానంగా గుర్తుంచుకునే ఒక్క ఇన్‌పుట్‌ను చేర్చాక ఆ లేవడం చాలావరకు తగ్గింది.

మీ కళాశాలలో ఖరీదైన కొలత పరికరాలు లేకపోయినా ఇది చేతికందే విషయమే. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు ఓపెన్‌డీపీడీ పేరుతో కోడ్‌నూ కొలతల డేటానూ అందరికీ అందుబాటులో పెట్టారు. అది తీసుకుని, శిక్షణ మొదలుపెట్టే ముందు ఇన్‌పుట్ పరిమాణం ఒక అక్షం మీద, ఔట్‌పుట్ పరిమాణం మరో అక్షం మీద పెట్టి చుక్కలు వేయండి. జ్ఞాపకం లేని యాంప్లిఫయర్ అయితే పైకి వెళ్తూ వంగే సన్నని గీత వస్తుంది. మీకు గీతకు బదులు మబ్బులా పరుచుకున్న చుక్కలు కనిపిస్తాయి. అందులో కొంత కొలతలోని రొద, మిగతాది యాంప్లిఫయర్ జ్ఞాపకం. మీ నెట్‌వర్కు నేర్చుకోవలసింది ఆ మిగతా వెడల్పునే.