స్విచ్ స్టేట్‌మెంట్: ఫిబ్రవరికి 30 రోజులు ఎలా వచ్చాయి?

నమస్కారం. ఈ వీడియోలో సీ లాంగ్వేజ్‌లోని స్విచ్ స్టేట్‌మెంట్‌ను ఒక చిన్న ప్రోగ్రామ్ రాస్తూ నేర్చుకుందాం. నెల సంఖ్య ఇస్తే ఆ నెలలో ఎన్ని రోజులుంటాయో చెప్పడమే దీని పని. లీపు సంవత్సరాన్ని ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.

మెయిన్ ఫంక్షన్ రాశాను, స్కాన్‌ఎఫ్‌తో నెల సంఖ్యను తీసుకున్నాను. ఇవి మీకు తెలిసినవే కాబట్టి ఇక్కడ ఆగడం లేదు. ఇదే పనిని ఇఫ్, ఎల్స్ ఇఫ్‌లతోనూ చేయవచ్చు గానీ, అప్పుడు ఒకే వేరియబుల్ పేరును ప్రతి వరుసలోనూ మళ్లీ మళ్లీ రాయవలసి వస్తుంది. స్విచ్‌లో దానిని బ్రాకెట్లలో ఒక్కసారి రాస్తే చాలు.

ఇప్పుడు కేసులు రాద్దాం. ముందుగా 31 రోజుల నెలలు, చివర బ్రేక్. తర్వాత కేస్ 2, రోజులు 28. ఆ కింద కేస్ 4, 6, 9, 11, వీటికి రోజులు 30, మళ్లీ బ్రేక్. ఇలాంటి వరుసలను నేను టైప్ చేయను. విండోస్‌లో వీఎస్ కోడ్ ఎడిటర్ వాడేవారు షిఫ్ట్, ఆల్ట్ పట్టుకుని కింది బాణం నొక్కితే ఉన్న వరుసే కిందికి కాపీ అవుతుంది.

రన్ చేద్దాం. 1 ఇచ్చాను, 31 వచ్చింది. 2 ఇచ్చాను, చూడండి, 30 వచ్చింది. ఫిబ్రవరికి 30 రోజులు!

నేను నేర్చుకునే రోజుల్లో సరిగ్గా ఇక్కడే చిక్కుకుపోయి, స్కాన్‌ఎఫ్‌ను అనుమానించి, దానినే నాలుగుసార్లు చెరిపి రాశాను. తప్పు అక్కడ లేదు, ఇక్కడ, కేస్ 2 కింద ఉంది: బ్రేక్ రాయలేదు. కేస్ అనేది ఎక్కడికి దూకాలో చెప్పే గుర్తు మాత్రమే. ఒకసారి దూకిన తర్వాత ప్రోగ్రామ్ కింద ఉన్న కేసులను మళ్లీ పోల్చి చూడదు, బ్రేక్ ఎదురయ్యే వరకు వరుసగా దిగుతూనే పోతుంది. అందువల్ల ముందు 28 పెట్టింది, ఆగలేదు, దాని మీదే 30 పెట్టింది. దీనిని ఫాల్ త్రూ అంటారు. లాంగ్వేజ్ దీనిని తప్పుగా పరిగణించదు, ఎందుకంటే 4, 6, 9, 11 కేసులను ఒకచోట చేర్చడానికి మనం వాడుకున్నదీ ఇదే గుణాన్ని. జీసీసీ అనే కంపైలర్‌లో 7వ వెర్షన్ నుంచి, కంపైల్ చేసేటప్పుడు డాష్, పెద్ద డబ్ల్యూ, ఎక్స్‌ట్రా అని చేర్చితే ఇలాంటి చోట హెచ్చరిక వస్తుంది. అది లేకుండా నేను కంపైల్ చేయను.

బ్రేక్ చేర్చాను. ఇక చివరిది డిఫాల్ట్. ఎవరైనా 13 ఇస్తే ఏ కేసూ సరిపోదు; డిఫాల్ట్ లేకపోతే, విలువ ఇవ్వని రోజుల వేరియబుల్‌లో ఏదో చెత్త సంఖ్య కనిపించవచ్చు. కాబట్టి డిఫాల్ట్‌లో ‘అలాంటి నెల లేదు’ అని ప్రింట్ చేసి, అక్కడి నుంచే రిటర్న్ అవుతున్నాను. మరొక మాట, కేస్ పక్కన స్థిరమైన పూర్ణాంకం మాత్రమే ఉండాలి, వేరియబుల్ పనికిరాదు. ‘60 కంటే ఎక్కువా’ వంటి పోలికలకు ఇఫ్‌నే వాడండి.

మళ్లీ రన్ చేస్తున్నాను. 2 ఇచ్చాను, 28. 13 ఇచ్చాను, అలాంటి నెల లేదు.